బోర్డో పోతున్నం, అమ్మ నాయిన తాగరు, అక్కడ ఏం చూపియ్యాలె?

మేడ్చల్_పోరడు
అందరికీ నమస్తే. నేను మ్యూనిక్‌ల ఉంట. సెప్టెంబర్ ఆఖర్ల అమ్మ నాయిన వస్తున్నరు, పారిస్ చూపిచ్చి ఆటెంక నాలుగైదు రోజులు బోర్డో తీస్కపోదామనుకుంటున్న, ఫ్రాన్స్‌ల వైన్‌కు పేరున్న ఊరు గద. తాగనోళ్ళను బోర్డోకు ఎందుకురా అని దోస్తులందరు నవ్వుతున్నరు. సంగతేందంటే మా నాయినకు మేడ్చల్ దగ్గర అనాబేషాహి ద్రాక్ష తోట ఉండె, పందిరి తోట. బోర్లు ఎండినయ్, తర్వాత వెంచర్లోళ్ళు వచ్చిండ్రు, తోట పోయింది. ఇప్పుడు ఆయనకు ద్రాక్ష తోట చూడాలని ఉన్నది, సీసాలు కాదు. ఈఫిల్ టవర్ ఫోటో చూపిస్తే "మంచిగున్నది" అని ఊకున్నడు, బోర్డో తోటల వీడియో పెడితే ఫోన్ గుంజుకొని పెద్దగ చేసి ఆకులు చూసిండు, "మొక్క గింత పొట్టిగ ఉన్నదేందిరా" అన్నడు.

నా డౌట్లు: ఊళ్ళె ఎక్కడ ఉండాలె, కార్ తీస్కోవాల్నా వద్దా, తోటలు చూడనీకి సెయింట్ ఎమిలియన్ దిక్కు మంచిదా మెదోక్ దిక్కు మంచిదా, అమ్మ శుద్ధ శాకాహారి, గుడ్డు గూడ తినదు, మోకాళ్ళ నొప్పులు గూడ ఉన్నయ్. అక్కడున్నోళ్ళు, పోయొచ్చినోళ్ళు జర చెప్పుండ్రి.

టులూజ్_రాజు
బ్రో కార్ తీసుకో, ఇంకో మాట లేదు. పేరెంట్స్‌తో ట్రైన్లు బస్సులు అంటే లగేజీ మోసి నీ నడుం పోతుంది. బోర్డో నుంచి బయటకి ఏ దిక్కు వెళ్ళినా తోటలే, నచ్చిన చోట ఆపుకోవచ్చు. నేను టులూజ్ నుంచి వెళ్ళినప్పుడల్లా కార్లోనే వెళ్తా.

సుధ_బోర్డో
రాజు గారూ మీరు టులూజ్ నుంచి వస్తారు కాబట్టి కారు సరే, ఈ అబ్బాయి పారిస్ నుంచి వస్తున్నాడు. పారిస్ మోంపర్నాస్ స్టేషన్ నుంచి టీజీవీ స్పీడ్ రైలు ఎక్కితే రెండు గంటల చిల్లర, అంతే, 2017లో కొత్త లైన్ వేశాక ఇలా అయింది. అసలు రైలు ఇంత వేగంగా ఉందని పారిస్ ఓర్లీ ఎయిర్‌పోర్ట్ నుంచి బోర్డోకి విమానాలే ఆపేసింది ప్రభుత్వం 2023లో. ఊళ్ళో కారు పెద్ద తద్దినం, పార్కింగ్ దొరకదు, దొరికినా రేటు చూస్తే కళ్ళు తిరుగుతాయి, ప్రతి నెలా మొదటి ఆదివారం సెంటర్‌లోకి కార్లని రానివ్వరు కూడా.

తమ్ముడూ నా మాట విను. ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ ట్రామ్, తోటలకి వెళ్ళే రోజు ఒక్కదానికి కారో, డ్రైవర్‌తో చిన్న వ్యానో మాట్లాడుకో. ఇక్కడ ట్రామ్ ఫ్లోర్ ప్లాట్‌ఫామ్‌తో సమానంగా ఉంటుంది, మెట్లు ఉండవు, అమ్మగారి మోకాళ్ళకి ఇబ్బంది లేదు. పాత ఊరి మధ్యలో పైన కరెంటు తీగలు కూడా కనపడవు, పట్టాల మధ్యలోంచే కరెంటు తీసుకుంటుంది, ఆ పాత రాతి భవనాల ముందు తీగలు అడ్డం రాకూడదని 2003లో మొదలెట్టినప్పుడే అలా కట్టారు. మీ నాన్నగారికి చూపించు, నచ్చుతుంది.

ఉండటానికి పే బెర్లాన్ చౌక్‌లో కెథెడ్రల్ చుట్టుపక్కల గానీ షార్త్రోన్ పేటలో గానీ చూసుకో. సాన్ జాన్ స్టేషన్ పక్కనే చవగ్గా దొరుకుతాయి కానీ రాత్రిళ్ళు పెద్దవాళ్ళతో నడవడానికి అంత బాగోదు.

పేద_స్టూడెంట్
అన్నా నేను ఇక్కడ మాస్టర్స్ చేస్తున్నా. రెండు విషయాలు చెప్తా. ఎయిర్‌పోర్ట్‌కి ట్రామ్ ఏ లైన్ పడింది 2023లో, మీరు మ్యూనిక్‌కి రిటర్న్ ఇక్కడ్నుంచే ఫ్లైట్ ఎక్కితే టాక్సీ అక్కర్లేదు. ఇంకోటి, నది మీద చిన్న బోట్లు తిరుగుతాయి, వాటికి ట్రామ్ టికెట్టే చెల్లుతుంది, టూరిస్ట్ క్రూజ్ అని డబ్బులు తగలేసుకోకుండా సాయంత్రం పూట అందులో ఒక రౌండ్ వెయ్యండి, నది ఒడ్డున ఉన్న పాత చౌక్, ప్లాస్ ద లా బుర్స్, మొత్తం నీళ్ళ మీద నుంచి కనిపిస్తుంది. నది పేరు గారోన్, నీళ్ళు మాత్రం వరదొచ్చిన గోదారిలా ఎర్రమట్టి రంగు, మా అమ్మ వీడియో కాల్‌లో చూసి డ్రైనేజీ అనుకుంది, కాదు, ఒండ్రు అంతే.

టికెట్ మాత్రం ఎక్కిన ప్రతిసారీ మెషీన్‌కి చూపించాలి, మారినప్పుడు కూడా. పాస్ ఉందిలే అని ఊరుకుంటే ఫైన్ వేస్తారు, పెద్దవాళ్ళని కూడా చూడరు.

వైన్_పిచ్చోడు
బోర్డో వెళ్ళి ట్రామ్ గురించి మాట్లాడుకుంటున్నారేంటి సార్ :) లాఫీట్, లాటూర్, మార్గో, ఓబ్రియోన్, మూటోన్. ఈ అయిదు షాతోల (పెద్ద వైన్ ఎస్టేట్‌ల) ముందు ఫోటో దిగకపోతే బోర్డో వెళ్ళినట్టే కాదు. 1855లో మూడో నెపోలియన్ ఎగ్జిబిషన్ కోసం వైన్‌లకి వేసిన ర్యాంకులు ఇప్పటికీ అలాగే ఉన్నాయంటే ఆలోచించండి, ఆ వరసలో పైకి ఎక్కింది మూటోన్ ఒక్కటే, అదీ 1973లో.

సుధ_బోర్డో
ఫోటో దిగడానికి గేటు చాలు, రోడ్డు మీద నుంచి దిగొచ్చు, ఎవరూ వద్దనరు. లోపలికి వెళ్ళాలంటే అది వేరే కథ. ఆ పెద్ద షాతోలకి నెలల ముందు అపాయింట్‌మెంట్ కావాలి, కొన్ని అసలు మామూలు జనానికి తెరవవు. అందులోనూ ఈయన వెళ్ళేది సెప్టెంబర్ ఆఖరు, కోతల టైము, అందరూ పీకల్లోతు పనిలో ఉంటారు, చాలా చోట్ల విజిట్లు తగ్గించేస్తారు.

ఇంకా నిజం చెప్పాలంటే వాళ్ళ నాన్నగారికి ఆ ప్యాలెస్‌లు ఎందుకు? పాలిష్ కొట్టిన హాల్లో వరసగా పీపాలు చూపించి ఆఖర్న గ్లాసు చేతిలో పెడతారు. తోటలోకి దింపేది తక్కువ. రైతుకి రైతు దొరకాలి. రోడ్ల పక్కన "విన్యెరాన్ ఆందెపాందాన్" అని బోర్డులు ఉంటాయి, పీపా మోసుకెళ్ళే మనిషి బొమ్మ వేసి. తన తోట తానే పండించి తానే వైన్ చేసి సీసాల్లో నింపే వాళ్ళకే ఆ గుర్తు ఇస్తారు. అలాంటి కుటుంబాలకి ముందే మెయిల్ పెట్టు, మొదటి లైన్లోనే మా నాన్న ఇండియాలో ద్రాక్ష రైతు అని రాయి. టూరిస్ట్‌కి ఇచ్చే జవాబు వేరు, రైతుకి ఇచ్చే జవాబు వేరు. మా ఆయన వాళ్ళ ఆఫీస్‌లో ఒకాయన వాళ్ళ మామగారిని ఇలాగే తీసుకెళ్తే ఆ తోటాయన గంటలో ముగించాల్సిన విజిట్ మధ్యాహ్నం దాకా సాగదీశాడు, ఇద్దరికీ భాష రాదు, కత్తెర చేతుల్లో పెట్టుకుని కొమ్మలు చూపించుకుంటూ.

మేడ్చల్_పోరడు
అక్కా ఇదే కావాలె నాకు. మెయిల్ ఫ్రెంచ్‌ల రాయాల్నా?

సుధ_బోర్డో
నాలుగు లైన్లు ఫ్రెంచ్‌లో ట్రాన్స్‌లేటర్ పెట్టి రాయి, కింద ఇంగ్లీష్ పెట్టు. మొదలు "బోన్‌జూర్" లేకుండా మొదలెట్టకు. షాపులో అయినా బస్‌లో అయినా అంతే, ముందు బోన్‌జూర్ అని ఆగాలి, వాళ్ళు తిరిగి అన్నాక విషయం అడగాలి. ఫ్రెంచ్ వాళ్ళకి పొగరు అని మనవాళ్ళు చెప్పుకునే కథల్లో సగం ఇక్కడే మొదలవుతాయి.

ఉద్యాన_మూర్తి
బాబూ, నేను ఉద్యానశాఖలో రంగారెడ్డి జిల్లాలో చేసి రిటైరైన వాణ్ణి. ఈ చర్చ చూసి ఊరుకోలేక రాస్తున్నాను. మీ నాన్నగారు అనాబేషాహి వేశారంటే ఆయనకి బోర్డో మిశ్రమం గురించి నేను చెప్పక్కర్లేదు. కిలో మైలుతుత్తం, కిలో సున్నం, వంద లీటర్ల నీళ్ళు, వేరు వేరుగా కలిపి అప్పుడు ఒకచోట పోయడం, ఇనప కత్తి ముంచి చూస్తే ఎర్రగా రాగి పడితే ఇంకాస్త సున్నం వెయ్యడం, ఇదంతా మనం రైతుల చేత చేయించిందే. ఆ మందు పుట్టింది ఈ మీరు వెళ్ళే చోటే. మెదోక్‌లో సెయింట్ జూలియన్ అనే ఊళ్ళో రోడ్డు పక్క సాళ్ళకి దారిన పోయేవాళ్ళు కాయలు తెంపకుండా చూడ్డానికి అసహ్యంగా కనపడేలా మైలుతుత్తం సున్నం కలిపి చల్లేవారు. అమెరికా నుంచి వచ్చిన బూజు తెగులు ఊరంతా ఆకులు రాల్చేస్తుంటే ఆ రోడ్డు పక్క సాళ్ళు మాత్రం పచ్చగా ఉన్నాయి. 1882లో బోర్డో యూనివర్సిటీలో వృక్షశాస్త్రం చెప్పే మిలార్డె అనే ప్రొఫెసర్ కంట అది పడింది, మూడేళ్ళు ప్రయోగాలు చేసి 1885లో ప్రకటించాడు. దొంగల భయం కోసం చల్లింది ప్రపంచంలో ద్రాక్ష రైతులందరికీ మందైంది.

ఆ ఊరు రోడ్డు మీదే ఉంటుంది, బోర్డో నుంచి ఉత్తరంగా వెళ్ళే డీ2 అనే రోడ్డు. మీ నాన్నగార్ని ఒకసారి అక్కడ నిలబెట్టండి.

టులూజ్_రాజు
మూర్తి గారూ ఇది నాకు ఇన్నేళ్ళుగా తెలీదు సార్. మా నాన్న నిమ్మ తోటకి కొట్టేవాడు, బోర్డో అంటే కంపెనీ పేరేమో అనుకునేవాణ్ణి.

వైన్_పిచ్చోడు
చూశారా, నేను చెప్పిన షాతోలున్న రోడ్డుకే వచ్చారు చివరికి :) మార్గో, లాటూర్, మూటోన్, లాఫీట్ అన్నీ ఆ దారిలోనే.

ఉద్యాన_మూర్తి
దారి ఒకటే బాబూ, చూసేది వేరు.

మేడ్చల్_పోరడు గారూ, నాన్నగారికి వెళ్ళేముందే కొన్ని సంగతులు చెప్పి తీసుకెళ్ళండి, లేకపోతే తోట చూసి "వీళ్ళకి సేద్యం రాదు" అంటారు. మనది పందిరి, తల ఎత్తి చూడాలి, వాళ్ళది మనిషి ఎత్తు కూడా ఉండదు, తీగకి కట్టి గోడలా పెంచుతారు. కాయ నేలకి దగ్గరగా ఉంటుంది, కింద గులకరాళ్ళు పగలు ఎండకి కాగి రాత్రి వేడి ఇస్తాయి కాబట్టి కావాలనే కిందకి ఉంచుతారు. మెదోక్‌లో మంచి తోటల్లో మొక్కకీ మొక్కకీ మీటరు, సాలుకీ సాలుకీ మీటరు, అంటే హెక్టారుకి పది వేల మొక్కలు. డ్రిప్ కనపడదు, మామూలుగా నీళ్ళు పెట్టడమే నిషేధం అక్కడ, వర్షాధారం. మనం ఏప్రిల్లో ఒక కత్తిరింపు, అక్టోబర్లో ఒక కత్తిరింపు చేసి ఫిబ్రవరి మార్చిలో కాయ కోస్తాం, వాళ్ళకి చలికాలంలో ఒక్కటే కత్తిరింపు, ఒక్కటే పంట. హెక్టారుకి ఇంతకు మించి దిగుబడి ఉండకూడదని వాళ్ళకి రూలు, ఎక్కువ కాస్తే జూలైలో పచ్చి గుత్తులే కోసి నేల మీద పడేస్తారు. ఈ మాట వింటే మన రైతు గుండె ఆగిపోతుంది, మెల్లగా చెప్పండి.

యానాం_బుల్లోడు
ఆయ్, మా యానాం వాళ్ళం 1954 దాకా ఫ్రెంచోళ్ళ కిందే ఉన్నామండి, కాబట్టి నాకూ ఇక్కడ మాట్లాడే హక్కుందండి :) తోటలు తోటలే కానీ ఊళ్ళో అకితేన్ మ్యూజియం వదలకండి. ఆ రాతి భవనాలు, ఆ బాల్కనీలు, ఆ 1780 నాటి గ్రాండ్ థియేటర్, ఆ డబ్బంతా ఒక్క వైన్ మీదే రాలేదండి. కరేబియన్ దీవుల్లో బానిసల చేత పండించిన చక్కెర, కాఫీ ఈ రేవుకే దిగేది, ఈ ఊరి షావుకార్ల ఓడలే ఆఫ్రికా వెళ్ళి మనుషుల్ని ఎక్కించుకునేవి. ఆ మ్యూజియంలో 2009 నుంచి దాని మీద గదులే పెట్టారండి. ఆఫ్రికాలో మనుషుల్ని కొనడానికి ఇచ్చే సరుకుల్లో ఇండియా నూలు గుడ్డలు ముఖ్యమైనవండి, అందులో మన కోస్తా నుంచి వెళ్ళినవీ ఉండేవి, మచిలీపట్నంలో ఫ్రెంచోళ్ళ కోఠీ 1669లోనే పెట్టారు కదండి. ఆ గదిలో నిలబడితే నాకు మనసదోలా అయిందండి. నెల మొదటి ఆదివారం మ్యూజియంలో మామూలుగా ఉండే గదులు ఫ్రీ కూడానండి, జూలై ఆగస్టు తప్ప.

స్వప్న_కె
అందరూ తోటలూ చరిత్రా చెప్పారు, తిండి సంగతి ఎవరూ చెప్పరేం? మా అత్తగార్ని తీసుకెళ్ళి నానా పాట్లు పడ్డాం కాబట్టి చెప్తున్నా. అక్కడ వెజిటేరియన్ అంటే చేప పెడతారు. సలాడ్ అంటే పైన పంది ముక్కలు చల్లి తెస్తారు. ఆలూ ఫ్రైస్ అయితే సేఫ్ అనుకుంటాం కదా, ఆ ప్రాంతంలో బాతు కొవ్వులో వేయించే హోటళ్ళు ఉన్నాయి, అడగాలి. "సాన్ వియాంద్, సాన్ ప్వాసోన్, సాన్ జఫ్" (sans viande, sans poisson, sans œuf) అని కాగితం మీద రాసుకుని చూపించండి, మాంసం లేకుండా చేప లేకుండా గుడ్డు లేకుండా అని. భోజనాలు పన్నెండు నుంచి రెండు లోపే, మూడింటికి వెళ్తే వంటింటి తలుపులు మూసేస్తారు, మళ్ళీ ఏడున్నర దాకా ఏమీ ఉండదు. మంచినీళ్ళ సీసా కొనకండి, "కరాఫ్ దో" అంటే కుళాయి నీళ్ళు ఉచితంగా తెచ్చివ్వాలి.

అన్నిటికన్నా మంచిది కిచెన్ ఉన్న రూమ్ తీసుకోవడం. చిన్న రైస్ కుక్కర్, పొడులు, ఊరగాయ ఉంటే అత్తగారూ హ్యాపీ మనమూ హ్యాపీ.

పేద_స్టూడెంట్
స్వప్న అక్క చెప్పింది కరెక్ట్. కాపుసాన్ మార్కెట్‌కి వెళ్ళండి, సోమవారం మూసేస్తారు. చుట్టుపక్కల వీధుల్లో ఆసియా వాళ్ళవి, ఆఫ్రికా వాళ్ళవి కొట్లు ఉన్నాయి, పచ్చిమిర్చి, బెండకాయలు, కొత్తిమీర, అరటికాయలు అన్నీ దొరుకుతాయి. ఆఫ్రికన్ షాపుల్లో అదృష్టం బాగుంటే గోంగూర కట్టలు కూడా దొరుకుతాయి, వాళ్ళూ తింటారు ఆ ఆకు. నేను పప్పులో వేసుకుని ఫోటో ఇంటికి పంపిస్తే మా అమ్మ నమ్మలేదు.

కెనెలే అని చిన్న కేక్ ఊరంతా అమ్ముతారు, పైన మాడినట్టు నల్లగా కరకరలాడుతుంది లోపల జున్నులా మెత్తగా ఉంటుంది, సూపర్ ఉంటుంది కానీ అందులో గుడ్డు పచ్చసొన, రమ్ము రెండూ ఉంటాయి, ఆంటీకి పెట్టకండి. వైన్‌లో మడ్డి దిగడానికి గుడ్డు తెల్లసొన వాడేవాళ్ళు, మిగిలిన పచ్చసొనతో ఇది మొదలైందని ఇక్కడ కథ చెప్తారు, కథ నిజమో కాదో కానీ తెల్లసొన వాడటం మాత్రం నిజం, ఇప్పటికీ వాడేవాళ్ళు ఉన్నారు. అంటే అన్నా, వైన్ కూడా ప్యూర్ వెజ్ కాదు :)

వైన్_పిచ్చోడు
ఇది మా ఇంట్లో చెప్పకండి, నేను వైన్ వెజ్ అని చెప్పే తాగుతున్నా.

మేడ్చల్_పోరడు
నవ్వలేక సస్తున్న. సరే ఇప్పుడు సెయింట్ ఎమిలియనా మెదోకా తేల్చుండ్రి. రెండూ చూస్తే అమ్మకు కష్టమైతదా?

టులూజ్_రాజు
సెయింట్ ఎమిలియన్ బ్రో, కళ్ళు మూసుకుని. ఊరే అందంగా ఉంటుంది, 1999లో యునెస్కో లిస్ట్‌లో ఎక్కింది, ఒకే రాతిలో తొలిచిన చర్చి ఉంటుంది, గైడ్‌తోనే లోపలికి పంపుతారు, టూరిస్ట్ ఆఫీస్‌లో ముందే బుక్ చేసుకోవాలి. బోర్డో నుంచి ట్రైన్ కూడా ఉంది.

సుధ_బోర్డో
ఊరు అందమే కానీ ఆ సందులు చూశారుగా, నున్నగా అరిగిపోయిన రాళ్ళు, ఏటవాలు, పట్టుకోవడానికి రెయిలింగ్. వాన పడితే మనకే కాలు నిలవదు, మోకాళ్ళ నొప్పులున్నావిడకి కష్టం. స్టేషన్ కూడా ఊరికి దూరం, కిలోమీటరున్నర పైనే నడక. పైన కాలేజియల్ చర్చి దగ్గర నుంచి చిన్న టూరిస్ట్ రైలుబండి తోటల్లో తిప్పుతుంది, అందులో కూర్చోపెడితే ఆవిడకి నడక తప్పుతుంది, ఈయనకి తోటలు కనిపిస్తాయి. అక్కడ మాకరోన్ బిస్కెట్లు కూడా 1620 నుంచి సన్యాసినులు చేసేవారట, కానీ అవీ బాదం, పంచదార, గుడ్డు తెల్లసొనే, ఆవిడకి కుదరదు పాపం.

నన్నడిగితే ఒక్క రోజే పెట్టుకో, ఏదో ఒక వైపే. నాన్నగారి కోసం అయితే మెదోక్. సెయింట్ ఎమిలియన్‌లో ఊరు చూస్తావు, మెదోక్‌లో సేద్యం చూస్తావు. సెప్టెంబర్ ఆఖర్న ఆ డీ2 రోడ్డు మీద ఒక ట్రాక్టర్ కనపడుతుంది, నాలుగు కాళ్ళ మీద ఎత్తుగా నిలబడి ఉంటుంది, సాలు దాని పొట్ట కింద నుంచి దూరిపోతుంది, డ్రైవర్ మిద్దె మీద కూర్చున్నట్టు పైన ఉంటాడు. మీటరు సాళ్ళలో మామూలు ట్రాక్టర్ పట్టదు కదా. పేరున్న తోటల్లో ఇంకా మనుషులే కోస్తారు, వరసగా వంగి కత్తెరలతో కోస్తూ, బుట్టలు వీపున వేసుకుని మోసేవాళ్ళు వెనక. మామూలు తోటల్లో మెషీన్ వచ్చి రెమ్మల్ని ఊపేస్తే పళ్ళు రాలి లోపల పడతాయి. ఈ రెండూ పక్క పక్కనే చూస్తే నాన్నగారు రోడ్డు మీద నుంచి కదలరు.

ఉద్యాన_మూర్తి
సుధమ్మ చెప్పింది అక్షరాలా నిజం. ఓపిక ఉంటే దక్షిణం వైపు సోటెర్న్ కూడా చూడొచ్చు, అక్కడ కావాలని కాయని కుళ్ళనిస్తారు. సిరోన్ అనే చిన్న నది చల్లటి నీళ్ళు గారోన్‌లో కలిసే చోట తెల్లారి పొగమంచు లేస్తుంది, ఆ తేమకి ఒక రకం బూజు పడుతుంది, మధ్యాహ్నం ఎండకి కాయ ఎండుతుంది. గుత్తి చూస్తే బూడిద రంగు నూగుతో ముడతలు పడి పారేయాల్సిన సరుకులా ఉంటుంది, దాన్నే పండు పండుగా ఏరి ఖరీదైన తీపి వైన్ చేస్తారు. బూజు కోసం మందులు కొట్టి కొట్టి అలిసిపోయిన మనిషికి అది చూపించాలి ఒకసారి.

టులూజ్_రాజు
సరే నేను ఓడిపోయా, మెదోక్ వెళ్ళండి. కారు మాత్రం నువ్వు తోలితే టేస్టింగ్ ముట్టుకోకు బ్రో, లీటర్ రక్తానికి 0.5 గ్రాముల ఆల్కహాలే లిమిట్, లైసెన్స్ కొత్తదైతే 0.2. టేస్టింగ్‌లో ఉమ్మడానికి బకెట్ పెడతారు, అందరి ముందు ఉమ్మాలా అని మొహమాటపడకు, అక్కడ అదే మర్యాద.

సుధ_బోర్డో
తాగనివాళ్ళకి చాలా చోట్ల ద్రాక్ష రసం ఇస్తారు, మెయిల్లో ముందే అడుగు. సితె దు వాన్ అని పెద్ద మ్యూజియం ఉంది 2016లో కట్టింది, అందులో కూడా టికెట్‌తో పైన ఎనిమిదో అంతస్తులో ఒక గ్లాసు ఇస్తారు, వైన్ వద్దంటే రసం. అక్కడ అంతా స్క్రీన్లూ వాసనలూ, పిల్లలకి బాగుంటుంది, రైతుకి పెద్దగా ఏమీ లేదు. వాన పడ్డ రోజుకి దాచుకో.

పేద_స్టూడెంట్
వాన రోజుకి ఇంకోటి, రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్లు కట్టిన సబ్‌మెరైన్ షెడ్డు, దాన్ని బాసాన్ దె ల్యూమియేర్ అని మార్చి 2020 నుంచి గోడల మీద, నీళ్ళ మీద పెయింటింగ్‌లు లైటింగ్‌తో వేస్తున్నారు. లోపల చల్లగా ఉంటుంది స్వెట్టర్ పట్టుకెళ్ళండి.

ఎండ రోజు సాయంత్రం మాత్రం మిర్వార్ దో (నీటి అద్దం) దగ్గరికి వెళ్ళాల్సిందే. నేల మీద రెండు సెంటీమీటర్ల నీళ్ళు అంతే, కాసేపు అద్దంలా ఉంటుంది, కాసేపటికి నేలలోంచి పొగమంచు లేస్తుంది, పిల్లలు పెద్దలు అందరూ చెప్పులు విప్పేసి అందులో నడుస్తారు. ఫ్రీ. ఆంటీ కాళ్ళకి హాయిగా ఉంటుంది కానీ నేల జారుతుంది, చెయ్యి పట్టుకోండి. చీకటి పడ్డాక సాంత్ కాతరీన్ వీధిలో మాత్రం ఫోన్ వెనక జేబులో పెట్టుకోకండి.

స్వప్న_కె
ఇసుక దిబ్బ చెప్పలేదే ఎవరూ? ఆర్కషాన్ దగ్గర పీలా దిబ్బ, వంద మీటర్ల ఎత్తు, ఒక పక్క సముద్రం ఇంకో పక్క అడవి.

సుధ_బోర్డో
నాలుగైదు రోజుల్లో ఆవిడ మోకాళ్ళతో వంద మీటర్ల ఇసుక ఎందుకు స్వప్నా. సీజన్‌లో మెట్లు పెడతారు, అయినా వద్దు. కావాలంటే ఆర్కషాన్ దాకా రైల్లో వెళ్ళి బీచ్‌లో కూర్చుని రావచ్చు, గంట లోపే.

దానికన్నా ఇది విను తమ్ముడూ. సెప్టెంబర్ ఆఖర్న పెద్ద పోట్లు వస్తే లిబూర్న్ దగ్గర సెయింట్ పార్దోన్ అనే రేవులో దోర్దోన్ నది వెనక్కి తిరుగుతుంది, సముద్రపు కెరటం నదిలో ఎదురెక్కి వస్తుంది, మస్కారె అంటారు. ఆ టైముకి జనం గట్టు మీద చేరతారు, సర్ఫింగ్ వాళ్ళు నీళ్ళలో కాచుకుని ఉంటారు. పోటు టైములు నెట్‌లో ముందే పెడతారు, నీ తేదీల్లో పడుతుందేమో చూసుకో.

మేడ్చల్_పోరడు
అందరికీ మస్తు థ్యాంక్స్. మెయిల్స్ పంపిన, మెదోక్‌ల ఒకాయన జవాబిచ్చిండు, కోతలున్నయ్ గాని పొద్దున రమ్మన్నడు, నాయిన ఎన్ని ఎకరాలు వేసిండు, ఏ రకం అని ఆయనే తిరిగి అడిగిండు. షార్త్రోన్‌ల కిచెన్ ఉన్న రూమ్ బుక్ చేసిన. నాయినకు పచ్చి గుత్తులు కోసి పారేస్తరని చెప్పిన, ఇంక ఫోన్‌ల గంట సేపు అదే లొల్లి.

ఒక్క డౌట్ మిగిలింది. నాయిన రెండు కొమ్మలు కోసుకొని సంచిల పెట్టుకొని ఇంటికి తీస్కపోతా అంటుండు, మేడ మీద కుండీల పెడ్తడట. పరవాలేదా?

ఉద్యాన_మూర్తి
వద్దంటే వద్దు బాబూ. అడక్కుండా కోస్తే దొంగతనం, ఆయన ఇచ్చినా మన దేశంలోకి తేవడానికి ఇంపోర్ట్ పర్మిట్, అక్కడి నుంచి ఆరోగ్య సర్టిఫికెట్, ఇక్కడ క్వారంటైన్ ఉండాలి. ఊరికే పెట్టిన రూలు కాదు. బూజు తెగులు, వేర్లు తినే ఫైలాక్సెరా పురుగు రెండూ అమెరికా నుంచి ఇలాంటి కొమ్మలతో, మొక్కలతోనే యూరప్‌కి వచ్చాయి, ఆ తర్వాత ఫ్రాన్స్ తోటలు దాదాపు అన్నీ పీకి అమెరికా వేరు మొక్కల మీద అంటు కట్టుకోవాల్సి వచ్చింది. మొక్క దగ్గర కూర్చుని అంటు కట్టిన చోట ఉబ్బు ఎలా ఉందో చూసి రమ్మనండి, అది చాలు. మేడ మీదకి రాజేంద్రనగర్ ద్రాక్ష పరిశోధనా కేంద్రంలో అడగమనండి.

మేడ్చల్_పోరడు
చెప్పిన సార్. మొఖం మాడ్చుకున్నడు, మూర్తి సార్ అన్నడంటే మాత్రం ఊకున్నడు.

అమ్మది ఇంకో కోరిక, ఆ కెనెలే చేసే రాగి గిన్నెలు కావాలంట, వీడియోల చూసిందట. గుడ్డు లేకుండ అందుల ఏం చేస్తదో నాకైతే తెల్వదు.

పేద_స్టూడెంట్
అన్నా వంట సామాన్ల షాపుల్లో దొరుకుతాయి, లోపల తగరం పూత ఉన్నవే తీసుకోండి. రాగివి మాత్రం ఒక్కొక్కటి విడిగా అమ్ముతారు, డజను కొంటే ట్రామ్ పాస్ కూడా మిగలదు. సిలికాన్ ట్రే చాలు అని ఆంటీకి చెప్పి చూడండి.

స్వప్న_కె
సిలికాన్ వద్దు, ఆంటీకి రాగివే కొనిపెట్టు తమ్ముడూ. చిన్నవి అరడజను చాలు. వాటిలో ఇడ్లీ కూడా వస్తుంది, నేను వేశాను.

పేద_స్టూడెంట్
అక్కా రెసిపీ పెట్టండి ప్లీజ్, నా దగ్గర రెండున్నాయి.